గిటార్ ఆంప్‌లో పవర్ ట్యూబులు మార్చడం: ఎంపిక, బయస్, టోన్ – సమగ్ర మార్గదర్శి

ఈఎల్34 రకం పవర్ ట్యూబు (స్పీకర్‌ను నడిపే శక్తినిచ్చే ట్యూబు) వేస్తే మిడ్ పెరుగుతుందా, 6ఎల్6 వేస్తే వాల్యూమ్ పెంచినా ధ్వని క్లీన్‌గా నిలుస్తుందా, అదే రకంలో వేరే కంపెనీ ట్యూబులు వేస్తే తేడా తెలుస్తుందా అని ట్యూబ్ ఆంప్ వాడే గిటారిస్టులు తరచూ అడుగుతుంటారు. ఈ ప్రశ్నలకు నమ్మదగిన జవాబు దొరకాలంటే కొత్త ట్యూబులను సరైన బయస్‌లో (వాయించనప్పుడు ట్యూబు గుండా ఎంత కరెంటు పారాలో నిర్ణయించే అమరికలో) ఉంచి, పాతవాటితో సమానమైన వాల్యూమ్ దగ్గర పోల్చి వినాలి. అలా చేయనప్పుడు పెద్ద మార్పుగా వినిపించేది చాలాసార్లు ట్యూబు రకం వల్ల వచ్చినది కాదు. అరిగిపోయిన ట్యూబుల స్థానంలో కొత్తవి రావడం వల్లనో, మనకు తెలియకుండా బయస్ మారిపోవడం వల్లనో వచ్చినది.

అందుకే ఇక్కడ ట్యూబుల వర్ణన కంటే బయస్‌కూ, పనులు చేయవలసిన వరుసకూ ఎక్కువ చోటు ఇచ్చాను.

1. ముందుగా మీ ఆంప్ గురించి తెలుసుకోవలసినవి

కొత్త ట్యూబులు కొనడానికి ముందే మీ మోడల్ సర్క్యూట్ డయాగ్రమ్ సంపాదించండి. ఆంప్ వెనుక అతికించిన ట్యూబ్ చార్టు ఏ సాకెట్లో ఏ ట్యూబు ఉండాలో మాత్రమే చెబుతుంది. బయస్ పద్ధతి, స్క్రీన్ (ట్యూబులోని రెండో జాలి) నిరోధకాల విలువ, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం వంటివి డయాగ్రమ్‌లోనో సర్వీస్ మాన్యువల్‌లోనో చూసుకోవలసిందే.

వీటికి జవాబులు కాగితం మీద రాసుకోండి:

- ప్రస్తుతం ఉన్న పవర్ ట్యూబులు ఏ రకానివి, ఎన్ని ఉన్నాయి?
- బయస్ ఏ పద్ధతిలో ఉంది: ఫిక్స్‌డ్ బయసా, కాథోడ్ బయసా?
- ఫిక్స్‌డ్ బయస్ అయితే సర్దుబాటుకు పొటెన్షియోమీటర్ ఉందా?
- ప్లేట్ (ట్యూబులో ఎలక్ట్రాన్లను అందుకునే లోహపు భాగం) వోల్టేజి ఎంత?
- ఆంప్‌లో స్పీకర్ ఇంపెడెన్స్ సెలెక్టర్ ఉందా?

ఫిక్స్‌డ్ బయస్ అంటే బయటి నుంచి ఒక నెగటివ్ వోల్టేజిని గ్రిడ్‌కు (ట్యూబులో కరెంటును అదుపు చేసే జాలికి) అందించే పద్ధతి. ఫెండర్ ట్విన్ రివర్బ్, మార్షల్ జేసీఎం800 ఈ కోవలోవి. కాథోడ్ బయస్‌లో కాథోడ్‌కు (ఎలక్ట్రాన్లను విడుదల చేసే భాగానికి), గ్రౌండ్‌కు మధ్య ఉన్న నిరోధకమే ట్యూబును తగిన స్థితిలో ఉంచుతుంది. వాక్స్ ఏసీ30 దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. మొదటి పద్ధతిలో ట్యూబులు మార్చిన ప్రతిసారీ కొలిచి సర్దాలి. రెండో పద్ధతిలో ట్యూబు చాలావరకు తనంతట తానే సర్దుకుంటుంది, కానీ ఒకసారి కొలిచి చూడటం అప్పుడూ అవసరమే.

కొన్ని మీసా ఆంపుల్లో ఫిక్స్‌డ్ బయస్ ఉన్నా సర్దుబాటు ఉండదు. ఆ కంపెనీ తమ బయస్‌కు సరిపోయే శ్రేణిలో వేరుచేసిన ట్యూబులనే అమ్ముతుంది. అలాంటి ఆంప్‌లో ఏదో ఒక జత తెచ్చి పెట్టడం సరికాదు.

2. ఏ ట్యూబు ధ్వనిని ఎటు తీసుకెళ్తుంది

ఈ వర్ణనలు ఆ ట్యూబుకు తగినట్టు రూపొందిన సర్క్యూట్లో విన్నప్పటివి. నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపే ఏర్పాటు), అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, స్పీకర్ మూడూ టోన్ మీద పెద్ద ప్రభావం చూపుతాయి కనుక, మార్షల్‌లోని ఈఎల్34 తీసి ఫెండర్‌లో పెట్టినంత మాత్రాన ఫెండర్ మార్షల్ అయిపోదు.

6ఎల్6జీసీ. ప్లేట్ పరిమితి (ప్లేటు తట్టుకోగల గరిష్ఠ శక్తి) 30 వాట్లు. బాస్ గట్టిగా, ట్రెబుల్ విప్పారినట్టుగా ఉంటుంది, డిస్టార్షన్ ఆలస్యంగా మొదలవుతుంది. క్లీన్ ధ్వని మీద పెడల్స్ వాడేవారికి ఇది అనువైనది.

ఈఎల్34. పరిమితి 25 వాట్లు. ఇది అసలైన పెంటోడ్ (ఐదు ఎలక్ట్రోడ్ల ట్యూబు). మిడ్ ముందుకు వస్తుంది, డిస్టార్షన్ త్వరగా, క్రమంగా మొదలవుతుంది, పిక్‌తో గట్టిగా కొట్టినప్పుడు స్వరం ఒత్తుకుని నిలబడినట్టు అనిపిస్తుంది. బాస్ 6ఎల్6 అంత బిగువుగా ఉండదు. దీని స్థానంలోనే పెట్టగలిగే 6సీఏ7, కేటీ77 రకాల్లో బాస్ కొంత నిండుగా ఉంటుంది. ఈఎల్34 ఆంప్ ఉన్నవారు రకం మార్చి చూడాలనుకుంటే, సర్క్యూట్‌కు తక్కువ ఇబ్బంది కలిగించే మార్గం ఇదే.

6వీ6జీటీ. పరిమితి 12 వాట్లు. మెత్తగా, గుండ్రంగా ఉంటుంది, తక్కువ వాల్యూమ్‌లోనే డిస్టార్షన్ మొదలవుతుంది. ఫెండర్ డీలక్స్ రివర్బ్‌లో ఒక జత ఉంటాయి.

ఈఎల్84. ఇదీ 12 వాట్ల ట్యూబే. ట్రెబుల్, ఎగువ మిడ్ మెరుపుతో వినిపిస్తాయి. మిగతావి ఎనిమిది పిన్నుల ఆక్టల్ సాకెట్లో కూర్చుంటే, ఇది తొమ్మిది పిన్నుల చిన్న సాకెట్లో కూర్చుంటుంది.

6550, కేటీ88. శక్తి, క్లీన్ హెడ్‌రూమ్ (డిస్టార్షన్ రాకుండా వాల్యూమ్ పెంచగల వీలు), గట్టి బాస్ వీటి గుణాలు. పవర్ సెక్షన్ నుంచి డిస్టార్షన్ కోరుకునేవారికి ఇవి నిరాశ కలిగిస్తాయి.

ఒకే రకంలో కంపెనీల మధ్య తేడా ఉన్న మాట నిజమే. అయితే బయస్‌ను 10 మిల్లీఆంపియర్లు అటూ ఇటూ జరిపితే వచ్చే తేడా దానికంటే ఎక్కువగా వినిపించడం మామూలే. కాబట్టి ఖరీదైన ట్యూబుల కోసం చూడటానికి ముందు బయస్ కొలుచుకోవడం మేలు.

3. ఏది దేనికి బదులు పెట్టవచ్చు

సాకెట్లో కూర్చున్నంత మాత్రాన ఆ ట్యూబు ఆ ఆంప్‌లో పనికివస్తుందని అర్థం కాదు. ఎక్కువ నష్టాలు ఈ అపోహ వల్లే జరుగుతాయి. నాలుగు విషయాలు సరిచూసుకోవాలి.

హీటర్ కరెంటు. ఒక్కో ట్యూబు హీటర్‌కు 6వీ6 అయితే 0.45 ఆంపియర్లు, 6ఎల్6జీసీ అయితే 0.9, ఈఎల్34 అయితే 1.5, 6550 లేదా కేటీ88 అయితే 1.6 ఆంపియర్లు కావాలి. నాలుగు 6ఎల్6 ఉన్న ఆంప్‌లో నాలుగు ఈఎల్34 పెడితే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ మీద అదనంగా 2.4 ఆంపియర్ల భారం పడుతుంది. దానికి ఆ సామర్థ్యం ఉందని నిర్ధారించుకోనిదే ఈ మార్పు చేయకూడదు.

ఒకటో పిన్ను. ఈఎల్34లో సప్రెసర్ గ్రిడ్ ఒకటో పిన్నుకు వస్తుంది, దాన్ని ఎనిమిదో పిన్నుకు, అంటే కాథోడ్‌కు కలపాలి. 6ఎల్6జీసీ పనికి ఒకటో పిన్ను అవసరం లేదు కనుక 6ఎల్6 కోసం చేసిన ఆంపుల్లో ఈ కలపడం ఉండకపోవచ్చు. పైగా కొన్ని ఆంపుల్లో ఆ ఖాళీ పిన్నును వేరే నిరోధకం అతికించడానికి ఆధారంగా వాడుకుని ఉంటారు. అలాంటి సాకెట్లో ఈఎల్34 నేరుగా పెట్టకూడదు.

బయస్ వోల్టేజి. 450 వోల్టుల ప్లేట్ దగ్గర 6ఎల్6జీసీకి సుమారు మైనస్ 50 వోల్టులు అవసరమైతే, ఈఎల్34కు మైనస్ 30ల చివరి అంకెలు సరిపోతాయి. అందువల్ల 6ఎల్6 బయస్ మీద ఈఎల్34 పెడితే ధ్వని చల్లబడి పలచగా వస్తుంది. ఈఎల్34 బయస్ మీద 6ఎల్6 పెడితే ప్లేట్లు ఎర్రబడి ట్యూబు కాలిపోవచ్చు. రెండోది అసలైన ప్రమాదం.

స్క్రీన్, గ్రిడ్ నిరోధకాలు. పాత ఫెండర్లలో స్క్రీన్‌కు 470 ఓమ్‌లు సాధారణం. స్క్రీన్ కరెంటు ఎక్కువగా తీసుకునే ఈఎల్34కు 1 కిలో ఓమ్, 5 వాట్ల నిరోధకం క్షేమం. 6550 పెడితే గ్రిడ్ లీక్ నిరోధకం (గ్రిడ్‌కు బయస్ అందించే నిరోధకం) విలువ తగ్గించవలసి ఉంటుంది. మార్షల్ ఆంపుల్లో ఈఎల్34కు 220 కిలో ఓమ్‌లు ఉన్న చోట, 6550 వాడిన వాటిలో 150 కిలో ఓమ్‌లు కనిపించడానికి కారణం ఇదే.

6ఎల్6 ఆంప్‌లో 6వీ6 పెట్టే ఆలోచన మాత్రం మానుకోండి. అక్కడి ప్లేట్ వోల్టేజి, బయస్, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఇంపెడెన్స్ మూడూ ఆ చిన్న ట్యూబుకు సరిపోవు.

4. మార్చడానికి ముందు పాత ధ్వనిని దాచుకోండి

టోన్ విషయంలో మన జ్ఞాపకం నమ్మదగినది కాదు. ట్యూబులు మార్చి, బయస్ సర్ది, మళ్లీ గిటార్ పట్టేసరికి అరగంట గడిచిపోతుంది, ఈలోగా పాత ధ్వని ఎలా ఉండేదో చెవి మరిచిపోతుంది. అందుకని ముందే రికార్డ్ చేసుకోవాలి.

- నాబ్‌ల స్థానాలన్నీ ఫోటో తీయండి.
- మైకును స్పీకర్ ముందు ఒకచోట బిగించి, నేల మీద టేపుతో గుర్తు పెట్టండి.
- ఒకే గిటార్, ఒకే పికప్‌తో మూడు ముక్కలు వాయించండి: క్లీన్ కార్డులు, మందమైన తీగ మీద ఒక రిఫ్, పై తీగల మీద నిలిపి ఉంచే స్వరాలు.
- ఇదంతా తక్కువ వాల్యూమ్‌లో ఒకసారి, పవర్ సెక్షన్ శ్రమించే స్థాయిలో మరొకసారి చేయండి.

చివరి అంశం చాలా ముఖ్యం. మాస్టర్ వాల్యూమ్ బాగా తగ్గించి, డిస్టార్షన్ అంతా ప్రీఆంప్ (పవర్ ట్యూబులకు ముందున్న దశ) నుంచే తీసుకునేవారికి పవర్ ట్యూబుల తేడా చాలా కొద్దిగానే వినిపిస్తుంది. మీరు అలాగే వాయిస్తుంటే ముందుగా మొదటి 12ఏఎక్స్7 (ప్రీఆంప్) ట్యూబునో, స్పీకర్‌నో మార్చి చూడటం మంచిది.

5. భద్రత

ఈ భాగాన్ని దాటవేయకండి. ప్లగ్ తీసేసిన తర్వాత కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో 400 నుంచి 500 వోల్టుల దాకా నిలిచి ఉండవచ్చు, అది ప్రాణం తీయగలదు. ఎలక్ట్రానిక్స్ పనిలో అలవాటు లేనివారు చాసిస్ (ఆంప్ లోహపు పెట్టె) తెరవకుండా, ట్యూబుకూ సాకెట్‌కూ మధ్య పెట్టే బయస్ ప్రోబ్ వాడాలి, లేదా టెక్నీషియన్‌కు అప్పగించాలి.

చాసిస్ తెరిచేవారు ఈ వరుస తప్పకండి:

1. స్విచ్ ఆపి, ప్లగ్‌ను గోడ నుంచి పూర్తిగా తీయండి.
2. ఉంగరాలు, గడియారం, మెడలో గొలుసు తీసి పక్కన పెట్టండి.
3. 100 కిలో ఓమ్, 5 వాట్ల నిరోధకాన్ని ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో ప్రధాన ఫిల్టర్ కెపాసిటర్‌కూ చాసిస్‌కూ మధ్య ఒక నిమిషం పైగా ఉంచండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయడం ప్రమాదం.
4. మల్టీమీటర్‌తో ప్రతి ఫిల్టర్ కెపాసిటర్‌నూ కొలిచి, అంకె సున్నాకు దగ్గరగా వచ్చాకే చెయ్యి పెట్టండి.
5. ఆంప్ ఆన్‌లో ఉండగా కొలవవలసి వస్తే నెగటివ్ ప్రోబ్‌ను ముందే చాసిస్‌కు క్లిప్ చేసి, ఒకే చేతితో పని చేయండి.

స్పీకర్ గానీ, తగిన డమ్మీ లోడ్ (స్పీకర్ బదులు శక్తిని తీసుకునే నిరోధకం) గానీ కలపకుండా ట్యూబ్ ఆంప్‌ను ఎప్పుడూ ఆన్ చేయకూడదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతింటుంది.

6. తీయడం, పెట్టడం

ఆంప్ ఆపి కనీసం పావుగంట చల్లారనివ్వండి. స్ప్రింగ్ క్లిప్పు ఉంటే ముందు దాన్ని విప్పండి. తర్వాత ట్యూబును గాజు పైభాగం పట్టుకుని కాక, కింది బేస్ పట్టుకుని కొద్దిగా అటూ ఇటూ కదుపుతూ నిటారుగా పైకి లాగండి. ఈఎల్84కు బేస్ ఉండదు కనుక దాన్ని మరింత నెమ్మదిగా తీయాలి, పిన్నులు వంగితే మెల్లగా సరిచేయాలి.

ఆక్టల్ ట్యూబు మధ్యలోని గైడ్ పిన్నుకు ఒక నిలువు గట్టు ఉంటుంది. అది సాకెట్ రంధ్రంలోని గాడితో కలిశాకే నొక్కాలి. గైడ్ పిన్ను విరిగిన ట్యూబు ఎటు తిప్పి పెట్టినా కూర్చుంటుంది, తప్పు దిశలో కూర్చుంటే పెద్ద నష్టమే జరుగుతుంది. అలాంటి ట్యూబును పక్కన పెట్టేయండి.

రెండు లేదా నాలుగు ట్యూబుల పుష్‌పుల్ (తరంగాన్ని రెండు వైపుల ట్యూబులు పంచుకునే) ఆంపుల్లో కరెంటు సరిపోలిన జతలే వాడాలి. ఒకే ట్యూబుతో నడిచే చిన్న ఆంపుల్లో జత ప్రశ్న రాదు.

నాలుగు ట్యూబుల ఆంప్‌లో రెండు తీసి సగం శక్తితో వాడాలనుకుంటే, పుష్‌పుల్‌లోని ఒక్కో వైపు నుంచి ఒక్కొక్కటి తీయాలి. సాధారణంగా అంచుల్లోని రెండు గానీ, మధ్యలోని రెండు గానీ తీస్తే సరిపోతుంది, డయాగ్రమ్‌లో మాత్రం ఒకసారి చూసుకోండి. అప్పుడు 8 ఓమ్‌ల స్పీకర్ వాడుతుంటే సెలెక్టర్‌ను 4 ఓమ్‌ల దగ్గర పెట్టాలి. అన్ని ట్యూబులకూ కలిపి ఒకే కాథోడ్ నిరోధకం ఉన్న ఆంపుల్లో ఇలా తీస్తే మిగిలిన జత బయస్ మారిపోతుంది కనుక అక్కడ ఈ పద్ధతి పనికిరాదు.

7. బయస్ కొలవడం, సర్దడం

టోన్ నిర్ణయమయ్యేది ఎక్కువగా ఇక్కడే.

కొత్త ట్యూబులు పెట్టాక ఆన్ చేయడానికి ముందే బయస్ పొటెన్షియోమీటర్‌ను అత్యధిక నెగటివ్ వైపు తిప్పి ఉంచండి. అలా చేస్తే ట్యూబులు చల్లగా, అంటే తక్కువ కరెంటుతో మొదలవుతాయి, తర్వాత నెమ్మదిగా వేడి వైపు జరపవచ్చు. స్పీకర్ కలిపి, వాల్యూమ్ సున్నా చేసి, స్టాండ్‌బైలో ఒక నిమిషం వేడెక్కనిచ్చి, తర్వాత పూర్తిగా ఆన్ చేయండి. గదిలో వెలుతురు తగ్గిస్తే ప్లేట్ల రంగు బాగా తెలుస్తుంది.

ప్రతి ట్యూబు కాథోడ్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 1 ఓమ్ నిరోధకం ఉంటే, దాని మీద కనిపించే ప్రతి మిల్లీవోల్టూ ఒక మిల్లీఆంపియర్‌కు సమానం. బయస్ ప్రోబ్ కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది.

ఫిక్స్‌డ్ బయస్ పుష్‌పుల్ ఆంప్‌లో ప్లేట్ పరిమితిలో 70 శాతం దాటకుండా ఉంచడం వాడుకలో ఉన్న కొలమానం. లెక్క ఇలా వేయాలి:

- ఈఎల్34, ప్లేట్ 450 వోల్టులు: 25 వాట్లలో 70 శాతం 17.5 వాట్లు. దాన్ని 450తో భాగిస్తే సుమారు 39 మిల్లీఆంపియర్లు.
- 6ఎల్6జీసీ, ప్లేట్ 450 వోల్టులు: 30 వాట్లలో 70 శాతం 21 వాట్లు. 450తో భాగిస్తే సుమారు 47 మిల్లీఆంపియర్లు.
- 6వీ6జీటీ, ప్లేట్ 420 వోల్టులు: 12 వాట్లలో 70 శాతం 8.4 వాట్లు. 420తో భాగిస్తే 20 మిల్లీఆంపియర్లు.

ఇవి గరిష్ఠ హద్దులే తప్ప చేరుకుని తీరవలసిన లక్ష్యాలు కావు. 55 నుంచి 65 శాతం మధ్య బాగా వినిపించే ఆంపులు ఎన్నో ఉన్నాయి. కాథోడ్ దగ్గర కొలిచిన అంకెలో స్క్రీన్ కరెంటు కూడా కలిసి ఉంటుంది కనుక అసలు ప్లేట్ కరెంటు దానికంటే కొంచెం తక్కువే, ఆ తేడా మనకు రక్షణగా ఉంటుంది.

కరెంటు పెంచినప్పుడు ప్లేట్ వోల్టేజి కొంత తగ్గుతుంది. ఉదాహరణకు 30 మిల్లీఆంపియర్ల దగ్గర 460 ఉన్నది, 38 దగ్గరకు వచ్చేసరికి 450కి దిగవచ్చు. అందుకే కరెంటు సర్దాక వోల్టేజి మళ్లీ కొలిచి, లెక్క మళ్లీ వేసి, అంకెలు నిలకడగా వచ్చేదాకా ఇలాగే చేయాలి. పావుగంట నడిపాక చివరిసారి కొలవండి.

కాథోడ్ బయస్ ఆంప్‌లో లెక్క వేరు. రెండు 6వీ6లకు కలిపి 250 ఓమ్‌ల నిరోధకం ఉండి, దాని మీద 19 వోల్టులు కనిపిస్తే మొత్తం 76 మిల్లీఆంపియర్లు, అంటే ఒక్కోదానికి 38. ప్లేట్‌కూ కాథోడ్‌కూ మధ్య 320 వోల్టులు ఉంటే, స్క్రీన్ కరెంటుతో సహా సుమారు 12 వాట్లు అవుతుంది. ఇలాంటి ఆంపులు పరిమితికి దగ్గరగా నడవడం సహజమే, 70 శాతం నియమం వీటికి వర్తించదు.

ఇక చెవితో గుర్తుపట్టడం. బయస్ మరీ చల్లగా ఉంటే స్వరం చివర వాడిపోతున్నప్పుడు గరగరమనే పొడి శబ్దం వస్తుంది, కార్డులు పలచగా, గరుకుగా అనిపిస్తాయి. దీనికి కారణం క్రాసోవర్ డిస్టార్షన్: తరంగం ఒక ట్యూబు చేతి నుంచి రెండో దాని చేతికి మారే చోట ఏర్పడే తెగుదల. మరీ వేడిగా ఉంటే ధ్వని మందంగా, మెత్తగా మారి బాస్ బిగువు కోల్పోతుంది, ట్యూబు ఆయుష్షూ తగ్గుతుంది. చల్లటి వైపు నుంచి రెండేసి మిల్లీఆంపియర్లు పెంచుతూ, ఆ గరగర పోయిన చోట ఆగడం నా సలహా. అక్కడి నుంచి ఇంకా పెంచితే ట్యూబు అరుగుదల పెరిగినంతగా టోన్ మెరుగుపడదు.

8. పోల్చి వినే పద్ధతి

నాలుగో భాగంలో చెప్పిన మూడు ముక్కలనూ అవే నాబ్ స్థానాల్లో, అదే మైకు స్థానంలో మళ్లీ రికార్డ్ చేయండి. వినేటప్పుడు రెండు రికార్డింగుల శబ్ద స్థాయిని సమానం చేయాలి. కొంచెం బిగ్గరగా ఉన్నదే బాగుందనిపించడం చెవి సహజగుణం కనుక ఈ పని తప్పనిసరి.

ముందు బాస్ బిగువు వినండి, తర్వాత పిక్ తగిలిన క్షణంలో స్వరం ఎంత పదునుగా మొదలవుతోందో, చివరికి అది తగ్గుతూ పోయే తీరు ఎలా ఉందో వినండి. ట్రెబుల్ మాత్రమే ఎక్కువో తక్కువో అనిపిస్తే అది ట్రెబుల్ నాబ్‌తో సరిపోయే తేడా. స్వరం మొదలయ్యే, తగ్గే తీరులో వచ్చే మార్పును నాబ్‌లతో తెచ్చుకోలేము, పవర్ ట్యూబులు మార్చినందుకు దక్కే అసలు ఫలితం అదే.

9. తరచూ ఎదురయ్యే సమస్యలు, పరిష్కారాలు

ప్లేటు ఎర్రబడటం. బూడిదరంగు లోహపు ప్లేటు అతుకు దగ్గర మసక నారింజ రంగు మచ్చ మొదలై, చూస్తుండగానే వ్యాపిస్తుంది. వెంటనే ఆపేయండి. చల్లారాక ఆ ట్యూబును పక్క సాకెట్లోకి మార్చి చూడండి. ఎరుపు ట్యూబుతో పాటు వెళ్తే ట్యూబు చెడిపోయినట్టు. అదే సాకెట్లో నిలిచిపోతే తప్పు సర్క్యూట్‌ది: ఆ గ్రిడ్‌కు బయస్ అందకపోవడమో, కప్లింగ్ కెపాసిటర్ లీక్ కావడమో అయి ఉంటుంది.

నీలి కాంతి. గాజు లోపలి గోడ మీద పల్చటి నీలి వెలుగు సహజమైనదే, దానికి భయపడనక్కర లేదు. లోపలి భాగాల మధ్య గులాబీ లేదా ఊదా రంగు పొగలాంటి కాంతి నిండితే ట్యూబులో వాయువు చేరిందని అర్థం. వెండిరంగు గెటర్ (గాజు లోపలి లోహపు పూత) తెల్లగా మారితే గాజు పగిలి గాలి లోపలికి వెళ్లిందన్నమాట, ఆ ట్యూబును ఆన్ చేయకూడదు.

కొత్త హమ్ (గుయ్‌మనే శబ్దం). రెండు వైపుల కరెంటు సమానంగా లేకపోతే, పుష్‌పుల్‌లో రద్దు కావలసిన హమ్ మిగిలిపోతుంది. ట్యూబుల మధ్య తేడా 5 మిల్లీఆంపియర్లు దాటితే వేరే జత వాడండి.

గలగల, కీచు శబ్దం. పెన్సిల్ చెక్క కొసతో ఒక్కో ట్యూబును మెల్లగా తట్టండి. స్పీకర్లో గట్టిగా మోగినది మైక్రోఫోనిక్ ట్యూబు. స్పీకరూ ట్యూబులూ ఒకే పెట్టెలో ఉండే కాంబో ఆంపుల్లో ఇది ఎక్కువ.

ఫ్యూజు పోవడం. అదే విలువ ఉన్న ఫ్యూజు వేసి, ట్యూబులను తీసి చూడండి. ట్యూబులు లేనప్పుడు ఫ్యూజు నిలిస్తే వాటిలో ఒకటి షార్ట్ అయి ఉంటుంది. పెద్ద విలువ ఫ్యూజు వేస్తే ఆ తర్వాత కాలేది ట్రాన్స్‌ఫార్మరే.

కొత్త ట్యూబుల కరెంటు మొదటి కొన్ని గంటల వాడకంలో కొంత జరుగుతుంది కనుక, ఇరవై గంటలు వాయించాక బయస్ మరోసారి కొలవండి. తేదీ, ప్లేట్ వోల్టేజి, ఒక్కో ట్యూబు కరెంటు ఒక చీటీ మీద రాసి క్యాబినెట్ లోపలి గోడకు అతికించండి. పాత జత ఇంకా పనిచేస్తుంటే, ఏ సాకెట్లో ఏది ఉండేదో రాసిపెట్టి, అత్యవసరానికి దాచుకోండి.